షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూసేదెవరు?

చిత్తూరు జిల్లాలో ఏ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా ఉదయం పదకొండుకల్లా గడప బయట చెప్పుల జతలు వరుసగా కనబడతాయి. ఇంట్లోకి, గుడిలోకి పోయినట్టే ఇక్కడా చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు. బెంచీ మీద కూర్చున్న యాభై అయిదేళ్ల ఆమె వేలు చాపుతుంది. నర్సు సూదితో పొడిచి, పట్టీ మీద రక్తపు చుక్క పట్టి, మిషన్‌లో వచ్చిన అంకెను పుస్తకంలో రాసుకుంటుంది. "రెండునూర్ల నలభై ఉండాదమ్మా. అన్నం తగ్గించుకో. మాత్రలు మానొద్దు." నెలకు సరిపడా బిళ్లలు చేతిలో పడతాయి. అంతా అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ ఆమె పాదాలు చెప్పుల్లేకుండా, నర్సు కూర్చున్న కుర్చీకి మూరెడు దూరంలోనే ఉన్నాయి. ఎడమ బొటనవేలి కింద గట్టిపడిన కాయ, దాని అంచున నల్లబడిన చర్మం ఎవరి కంటా పడలేదు.

ప్రాథమిక వైద్యంలో షుగర్ విషయంలో ఉన్న లోటంతా ఈ దృశ్యంలో ఉంది. మందులు అందుతున్నాయి. రక్తంలో చక్కెర కొలుస్తున్నారు. ఈ రెండూ పాతికేళ్ల కిందట పల్లెల్లో లేని సౌకర్యాలే, వాటి విలువ తక్కువేమీ కాదు. కానీ షుగర్ మనిషిని దెబ్బతీసేది అంకె రూపంలో కాదు. పాదం, కిడ్నీ, కంటి వెనక పొర, గుండె రక్తనాళాలు, వీటిని ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా తినేస్తుంది. వాటిని ఎవరూ చూడకుండా వేలు ఒక్కటే పొడుస్తూ పోతే, పదేళ్ల తర్వాత అదే మనిషి కాలు వాచి, చీము పట్టి తిరుపతి పెద్దాసుపత్రికి చేరుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది షుగర్ అంచున ఉన్నారని తేలింది. పెద్దవాళ్లలో నూటికి 11.4 మంది. పట్టణాల్లో 16.4, పల్లెల్లో 8.9. పల్లె అంకె చిన్నదిగా కనిపించినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చెప్పుల్లేకుండా మడిలో దిగేవాళ్లు, కంటి పరీక్ష కోసం కూలి వదులుకుని బస్సెక్కాల్సినవాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. అంత షుగరే ఉన్న పట్టణవాసి కంటే పల్లె మనిషికి కాలు పోయే దారులు ఎక్కువ.

పైస్థాయి వైద్యానికి ఈ ప్రాంతంలో కొరత లేదు. తిరుపతిలో రుయా, స్విమ్స్, కంటికి అరవింద్ ఉన్నాయి. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో తమిళనాడులోని రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి ఉంది. తరతరాలుగా ఇక్కడివాళ్లు 'వేలూరికి పోయొస్తాం' అంటే ఆసుపత్రికి అనే అర్థం. సరిహద్దు దాటి మరీ వెళ్లేంత నమ్మకం వైద్యం మీద ఉన్న జనం వీళ్లు. అయినా పుండు ముదిరాకే బయల్దేరుతున్నారంటే కారణం నిర్లక్ష్యం అనేసి ఊరుకోవడం న్యాయం కాదు. నొప్పి లేదు గనక బయల్దేరలేదు. ఆ నొప్పి ఎందుకు లేదో అర్థమైతే ప్రాథమిక వైద్యం ఏం చేయాలో సగం అర్థమైనట్టే.

చక్కెర చాలాకాలం అదుపు తప్పితే ముందుగా దెబ్బతినేవి పొడవైన నరాలు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి నడుము నుంచి కాలివేళ్ల దాకా దిగే నరాలే. అందుకే తిమ్మిరి వేళ్ల కొసన మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. మొదట్లో అరికాళ్ల మంటలు, రాత్రిళ్లు సూదులు గుచ్చినట్టు పోట్లు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత బాధ కొందరికి. కొన్నాళ్లకు ఆ మంట దానంతటదే పోతుంది. చాలామంది దాన్ని తగ్గిపోవడం అనుకుంటారు. ఆకుపసరు పని చేసిందనో, నూనె మర్దన పని చేసిందనో సంతోషపడతారు. నిజానికి ఆ నరాలు మంటను కూడా చెప్పలేని స్థితికి చేరాయి. అక్కడి నుంచి ఆ పాదానికి కాపలా ఉండదు. తుమ్మముల్లు దిగినా, చెప్పు పట్టీ ఒరుసుకున్నా, పొయ్యి దగ్గర నిప్పు తగిలినా తెలియదు.

తిరుపతిలో ఈ సంగతికి ఇంకో ముఖం ఉంది. కొండకు నడిచి పోతామని మొక్కుకోవడం ఇక్కడ ప్రతి ఇంటి మాట. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి, చాలామంది చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. పైన మాడవీధుల్లో చెప్పులు వేసుకోకూడదు. ఎండాకాలం నేల సెగకు కాళ్లు కాలకుండా టీటీడీ తెల్లరంగు పూయిస్తుంది, నీళ్లు చల్లిస్తుంది. స్పర్శ ఉన్న పాదం సెగ తగిలిన క్షణంలో నీడకేసి పరుగెడుతుంది. స్పర్శ పోయిన పాదం ఆ సెగలోనే నింపాదిగా నిలబడుతుంది. ఇంటికొచ్చాక మర్నాడు పక్క దులిపేటప్పుడు దుప్పటి మీద మరక చూసి, అప్పుడు అరికాలి బొబ్బ సంగతి తెలుస్తుంది.

మొక్కు మానుకోమని చెప్పాల్సిన పని ఏ నర్సుకూ లేదు. చెప్పినా ఎవరూ వినరు. ఆమె చెప్పగలిగినవి వేరే ఉన్నాయి. ఎండ ఎక్కకముందే మెట్లు ఎక్కడం, మందపాటి మేజోళ్లు తొడుక్కోవడం, గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఒకసారి అరికాళ్లు చూడటం, ఇంటికొచ్చిన రాత్రి మళ్లీ చూడటం. ఇవి చెప్పాలంటే ముందు ఆ మనిషికి స్పర్శ పోయిందో లేదో తెలియాలి కదా. దానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు.

రోగిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల మీద బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒక్కోటిగా, ఈక వాలినంత తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు తాకి, తగిలినప్పుడల్లా చెప్పమనాలి. మొత్తం ఆరు తాకుళ్లు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ తాకుళ్లు తెలియకపోతే ఆ పాదాలకు స్పర్శ తగ్గినట్టే లెక్క. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అని దీనికి పేరు. గట్టిగా నొక్కకూడదు, గీయకూడదు, తగలలేదన్న చోట మళ్లీ మళ్లీ తాకి ఒప్పించకూడదు. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ తీగ ఉంది. అది వంగేదాకా చర్మానికి ఆనిస్తే పడే ఒత్తిడి ఎప్పుడూ ఒకటే. ఆ తాకిడి తెలియని పాదం పుండు పడే ప్రమాదంలో ఉన్నట్టు.

స్పర్శ పోయిన పాదాన్ని కాపాడటం ఈ ప్రాంతానికి కొత్త విద్య కూడా కాదు. దాదాపు ఎనభై ఏళ్ల కిందట పక్కనున్న వేలూరులోనే ఈ విద్య పురుడు పోసుకుంది. 1946లో సీఎంసీకి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాలను, చేతులను ఏళ్ల తరబడి గమనించారు. వేళ్లు రాలిపోయేది క్రిమి మాంసాన్ని తినడం వల్ల కాదని, నొప్పి తెలియని అవయవానికి రోజూ తగిలే గాయాల వల్లేనని ఆయన, ఆయన బృందం తేల్చారు. పాదం మీద ఒత్తిడిని పంచే మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు తయారు చేయించారు. ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బర్) చెప్పులుగా కుష్ఠు విభాగం సిబ్బందికి తెలిసినవి అవే. షుగర్ పాదాల సంరక్షణకు ఇప్పుడు ప్రపంచమంతా పాటించే సూత్రాలు చాలావరకు ఆ కుష్ఠు వార్డుల్లో పుట్టినవే.

మన పల్లెల్లోని ఆరోగ్య సిబ్బందికి కుష్ఠు సర్వే కొత్త కాదు. మచ్చ మీద పెన్ను మొనతో తాకి 'తెలుస్తోందా' అని అడగడం ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఏటా చేస్తున్న పనే. స్పర్శ లేని పాదాలున్న కుష్ఠురోగులకు ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అదే చేతులు, అదే నైపుణ్యం షుగర్ మనిషి పాదం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నాయి? రెండూ వేర్వేరు కార్యక్రమాలు, వేర్వేరు పుస్తకాలు, వేర్వేరు లక్ష్యాలు కాబట్టి. పాదానికి ఆ తేడా తెలియదు. స్పర్శ పోయిన కాలికి చెప్పు ఇవ్వడానికి అది కుష్ఠు వల్ల పోయిందా, షుగర్ వల్ల పోయిందా అని చూడనక్కర్లేదన్న ఒక్క మార్పు వస్తే ఎన్నో కాళ్లు నిలుస్తాయి. షుగర్ రోగుల్లో కాలు గానీ వేలు గానీ తీసేయాల్సి వచ్చిన కేసులను వెనక్కి వెళ్లి చూస్తే, నూటికి 85 దాకా చిన్న పుండుతో మొదలైనవేనని అధ్యయనాలు చెబుతున్నాయి. పుండుకు ముందు దశలో ఆ మనిషిని చూసింది ఊరి క్లినిక్కే.

కిడ్నీ కథ పాదం కన్నా మౌనమైనది. పాదమైతే కనీసం కళ్లతో చూడొచ్చు. కిడ్నీ దెబ్బతినడం మొదలైన తొలి ఏళ్లలో ఒంట్లో ఏ సూచనా ఉండదు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా కారుతుంటుంది, అంతే. మామూలు పట్టీ పరీక్షకు ఆ కొద్దిపాటి కారడం అందదు. అల్బుమిన్‌కు, క్రియాటినిన్‌కు నిష్పత్తి కట్టే పరీక్షలో తేలుతుంది. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే హెచ్చరిక. ఏడాదికి ఒక్కసారి ఈ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తే చాలు. తొలి దశలో పట్టుకుంటే టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి చవకైన బీపీ మందులే కిడ్నీకి కవచంలా పనిచేస్తాయి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త తరగతి మందులు కిడ్నీనీ గుండెనూ కాపాడతాయని పెద్ద పరీక్షల్లో రుజువైంది. మొదటిదానికి మన దేశంలో 2020లో, రెండోదానికి 2025 మార్చిలో పేటెంటు గడువు తీరింది. బిళ్ల అరవై రూపాయల చుట్టూ ఉండే ఎంపాగ్లిఫ్లోజిన్ జనరిక్ రూపంలో పది రూపాయల లోపుకు దిగింది. నిన్నటిదాకా పట్టణంలోని స్పెషలిస్టు చీటీకే పరిమితమైన మందు ఇవాళ పీహెచ్‌సీ అందుకోగల ధరలో ఉంది. పీహెచ్‌సీ మందుల పట్టికలో దానికి చోటు దొరకాలి. ఏ రోగికి ఇవ్వాలో, జ్వరం, వాంతులు, ఉపవాసం ఉన్న రోజుల్లో ఎందుకు ఆపాలో సిబ్బందికి నేర్పాలి.

ఇక్కడే ఒక అపోహను తట్టుకోవాలి. 'షుగర్ మాత్రలు ఎక్కువ రోజులు వేసుకుంటే కిడ్నీలు పోతాయి' అనే మాట రేణిగుంట నుంచి పలమనేరు దాకా ఎక్కడైనా వినిపిస్తుంది. పుట్టడానికి దానికో కారణం ఉంది. చుట్టుపక్కల ఎవరికో పదేళ్లు మాత్రలు వేసుకున్నాక కిడ్నీలు చెడ్డాయి. జనం కళ్లకు ముందు కనిపించింది మాత్ర, తర్వాత కనిపించింది డయాలసిస్. మధ్యలో అదుపు తప్పిన షుగర్, బీపీ ఎవరికీ కనబడలేదు. షుగర్‌కు ఎక్కువగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీని చెడగొట్టదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గాక మోతాదు తగ్గిస్తారు, ఇంకా పడిపోతే ఆపేస్తారు. ఆ ఆపడాన్ని చూసి 'అదిగో, దానివల్లే' అనుకుంటారు. నిజంగా కిడ్నీలను దెబ్బతీసే బిళ్లలు ఇంకోవైపు నుంచి ఇంట్లోకి వస్తున్నాయి. మోకాళ్లు నొప్పని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు, పొలం పనుల కాలంలో రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ లాంటివి. షుగర్ బిళ్ల మానేసి నొప్పి బిళ్ల మింగే మనిషికి రెండు వైపులా నష్టమే. ఈ మాట డాక్టరు ఒకసారి గబగబా చెబితే దిగదు. నెలనెలా చూసే నర్సు, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త తీరిగ్గా చెప్పాలి. 'నొప్పులకు ఏం వేసుకుంటున్నావు' అని అడగడమే దీనికి మంచి మొదలు.

ఒకసారి కిడ్నీ పూర్తిగా పోయాక ప్రభుత్వం చేతులెత్తేయడం లేదు. ఆరోగ్య పథకం కింద డయాలసిస్ ఉచితం, రాష్ట్రంలో కిడ్నీ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అయినా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు, తోడుగా ఇంకో మనిషి కూలి పోగొట్టుకుని చేసే ప్రయాణం ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో ఆ దారిలో బస్సెక్కినవాళ్లకు తెలుసు.

కంటి విషయం క్లుప్తంగానే చెప్పుకోవచ్చు, ఎందుకంటే దారి స్పష్టంగా ఉంది. కంటి వెనక పొర దెబ్బతింటున్నా చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. చూపు మసకబారాక వస్తే చేయగలిగింది తక్కువ. ఏడాదికి ఒకసారి కంటి వెనక ఫొటో తీయించుకుంటే సరైన సమయంలో లేజర్‌తో, ఇంజెక్షన్లతో చూపును నిలబెట్టొచ్చు. ఫొటో తీయడానికి కంటి డాక్టరే ఉండాల్సిన అవసరం లేదు. శిక్షణ పొందిన టెక్నీషియన్ చేతి కెమెరాతో పీహెచ్‌సీలో తీసి పంపితే, తిరుపతిలో కూర్చున్న నిపుణుడు చదివి చెప్పొచ్చు. ఈ-సంజీవని టెలిమెడిసిన్‌ను దేశంలో ఎక్కువగా వాడిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి కాబట్టి, దూరం నుంచి చూపించుకోవడం జనానికి కొత్త కాదు.

షుగర్ అంటే చక్కెరే అనుకోవడం వల్ల వెనకపడిపోయేది బీపీ. బ్రిటన్‌లో ఇరవై ఏళ్లు నడిచి 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనాన్ని షుగర్ వైద్యమంతా ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటుంది. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తగ్గితే కంటి, కిడ్నీ, నరాల చిక్కులు 37 శాతం తక్కువగా కనిపించాయి. అదే అధ్యయనంలో బీపీని గట్టిగా అదుపు చేసిన రోగుల్లో పక్షవాతం 44 శాతం, షుగర్ సంబంధ మరణాలు 32 శాతం తగ్గాయి. బీపీ బిళ్ల రోజుకు రూపాయో రెండో. అయినా షుగర్ పుస్తకంలో బీపీ గడి ఖాళీగా ఉండటం మామూలైపోయింది. నలభై దాటిన షుగర్ రోగులకు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వాలన్న సంగతి అంతకన్నా మరుగున పడింది. అదే అధ్యయనం చెప్పిన ఇంకో సత్యం మరింత కలవరపెడుతుంది. షుగర్ ఉందని తొలిసారి తెలిసిన రోజుకే సుమారు సగం మందిలో ఏదో ఒక అవయవం దెబ్బతిన్న ఆనవాళ్లు ఉన్నాయి. అంటే ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ ఇంటికెళ్లి ఫారం నింపి పరీక్షకు పిలిచే ఆశా కార్యకర్త పని మొక్కుబడి పని కాకూడదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్లను కాన్పయ్యాక మరిచిపోకుండా ఏటా పరీక్షించడం, క్షయ రోగులకు షుగర్ పరీక్ష, షుగర్ రోగుల్లో దగ్గు ఉన్నవాళ్లకు కళ్లె పరీక్ష చేయడం కూడా ఇందులో భాగమే.

ఇంత పని ఎవరు చేస్తారు? డాక్టరు ఒక్కరితో ఇది తెమలదని చిన్న లెక్క చాలు చెప్పడానికి. పీహెచ్‌సీ పరిధిలో 30,000 జనాభా ఉంటే పెద్దవాళ్లు దాదాపు 21,000. పల్లెల సగటు 8.9 శాతం చొప్పున షుగర్ ఉన్నవాళ్లు 1,870 మంది. మూడు నెలలకోసారి చొప్పున ఏడాదికి దాదాపు 7,500 సందర్శనలు. 300 పనిదినాలు అనుకుంటే రోజుకు పాతిక మంది, షుగర్ ఒక్కదానికే. పెద్దవాళ్లలో మూడోవంతుకు పైగా ఉన్న బీపీ మనుషులు, జ్వరాలు, కాన్పులు, కుక్కకాట్లు వేరే. ఒక్క డాక్టరు వీళ్లందరి పాదాలు చూడాలని ఆశించడం ఆయనకూ రోగికీ అన్యాయం.

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన సిబ్బంది ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంతో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో ఊళ్లకు వచ్చే ఏర్పాటు అలవాటైంది. ప్రభుత్వాలు, పథకాల పేర్లు మారుతుంటాయి, క్లినిక్ గోడ మీది రంగూ మారుతుంటుంది. నిలవాల్సింది పని విభజన. పాదం, బీపీ, బరువు, మాత్రల లెక్క నర్సు చేతిలో, మోతాదు మార్పు, కొత్త మందు డాక్టరు చేతిలో, రానివాళ్ల ఆచూకీ ఆశా కార్యకర్త చేతిలో. ఇలా పంచుకుంటే డాక్టరు ఊరికి వచ్చిన రోజు షుగర్ అదుపులో లేని ఇరవై మందిని శ్రద్ధగా చూడగలడు. ఇప్పుడున్నట్టు బాగున్నవాళ్లకూ బాగాలేనివాళ్లకూ అవే బిళ్లలు రాస్తూ పొద్దు గడపాల్సిన అవసరం ఉండదు.

'రానివాళ్లు' అన్న మాట దగ్గర కాస్త నిలవాలి. క్లినిక్ పుస్తకం తేదీల వారీగా ఉంటుంది. ఈరోజు ఎవరొచ్చారో వాళ్ల పేర్లు ఈరోజు పేజీలో. రాని మనిషి ఏ పేజీలోనూ ఉండడు. నాలుగు నెలలుగా మాత్రలు ఆగిపోయిన మనిషి ఉనికి పుస్తకంలో ఎక్కడా లేదు. ప్రమాదం ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఆ మనిషికే. దీనికి మందు చాలా సాదా. మనిషికో కార్డు, తిరిగి రావాల్సిన నెల ప్రకారం పెట్టెలో పేర్చాలి. నెలాఖరుకు ఆ నెల అరలో మిగిలిపోయిన కార్డులే రానివాళ్లు. 2017లో మొదలై తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల్లో నడిచిన భారత హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమం ఈ దారినే పోయింది. అందరికీ ఒకే తేలికైన చికిత్స క్రమం, మందు ఎప్పుడూ అయిపోకుండా నిల్వ, రానివాళ్లకు ఫోను. కుప్పంలో 2025లో టాటా సంస్థ సహకారంతో మొదలైన డిజిటల్ నర్వ్ సెంటర్ లాంటి ఏర్పాట్లు ఈ పనిని కంప్యూటర్ మీద చేయగలవు. కంప్యూటర్ వచ్చేదాకా అట్టపెట్టె సరిపోతుంది.

రానివాళ్లు ఎందుకు రాలేదో ఫోను చేస్తే తెలుస్తుంది. కుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి వచ్చేవాడికి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తెరిచే క్లినిక్ ఉన్నా లేనట్టే. శ్రీసిటీలో షిఫ్టు పని చేసే అమ్మాయికి, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి పని చేసేవాళ్లకు కూడా అంతే. నెలకు ఒక ఆదివారమో, వారానికి ఒక సాయంత్రమో తెరవడం, షుగర్ నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం, ఈ రెండింటితో చాలామంది తిరిగి దారికొస్తారు. నెలకు మించి మందు ఇస్తే వృథా చేస్తారన్న అనుమానం అధికారుల్లో ఉంది. నెలనెలా కూలి పోగొట్టుకుని వచ్చేవాడు రెండోసారికి మానేస్తాడన్నది దానికన్నా పెద్ద వాస్తవం.

తిండి గురించి చెప్పే మాటలు కూడా ఊరికి తగ్గట్టు మారాలి. 'సంగటి తింటే షుగర్ రాదు' అని ఇక్కడ గట్టి నమ్మకం. రాగిలో పీచు ఎక్కువ, కాల్షియం ఎక్కువ, మంచి గింజే. కానీ 100 గ్రాముల రాగిలో పిండిపదార్థం 67 గ్రాముల దాకా ఉంటుంది, పాలిష్ బియ్యంలో 78. పైగా సంగటిలో సగం బియ్యం నూకే పడుతుంది. రెండు పెద్ద ముద్దలు పల్చటి పులుసుతో తింటే షుగర్ పెరగక మానదు. ఒక చిన్న ముద్ద, పక్కన ఆకుకూర పప్పు దండిగా, చెనక్కాయల ఊరిబిండి కొంచెం, ఇలా కంచాన్ని మార్చమంటే ఇంటి ఆడవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 'కార్బోహైడ్రేట్లు తగ్గించండి' అంటే ఎవరికీ అర్థం కాదు. ఓట్స్ కొనమని చెప్పడం ఈ ఊళ్లో అసలు అక్కరకు రాదు.

ఉపవాసాల సంగతి ఇంకా ముఖ్యం. పెరటాసి నెల శనివారాలు ఈ జిల్లాల్లో వేలమంది ఒంటిపూట ఉంటారు, కొందరు పొద్దంతా ఏమీ ముట్టరు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు దాంతో షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అలవాటు కొద్దీ పొద్దున మాత్ర వేసుకుని తినకుండా ఉంటే మధ్యాహ్నానికి షుగర్ 70 కిందికి దిగొచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం. ఒక్కోసారి పక్కవాళ్లు దాన్ని దేవుడు పూనడం అనుకుంటారు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగిస్తే పావుగంటలో తేరుకుంటారు. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. పెరటాసికి ముందు నెలలోనే మందు ఇచ్చేటప్పుడు 'శనివారాలు ఉపవాసం ఉంటావా' అని అడిగి, ఆ రోజు మాత్ర ఎలా మార్చుకోవాలో డాక్టరుతో చెప్పించడం క్లినిక్ చేయగల పని. భక్తిని ప్రశ్నించకుండానే ప్రాణాన్ని కాపాడే మాట అది.

ఇవన్నీ జరుగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు సమీక్షల్లో అడిగేది ఎంతమందిని పరీక్షించారు, ఎన్ని మాత్రలు పంచారు అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టుకున్న లక్ష్యాలు వేరే ప్రశ్న అడుగుతాయి. 2030 నాటికి షుగర్ ఉన్నవాళ్లలో 80 శాతం మందికి తమకు ఉందని తెలియాలి, తెలిసినవాళ్లలో 80 శాతం మందికి షుగర్ అదుపులో ఉండాలి, 80 శాతం మందికి బీపీ అదుపులో ఉండాలి, నలభై దాటినవాళ్లలో 60 శాతం మందికి స్టాటిన్ అందాలి. పంచిన మాత్రల లెక్క నుంచి అదుపులో ఉన్న మనుషుల లెక్కకు సమీక్ష మారితే కింద పని కూడా దాని వెంట మారుతుంది. ఆ లక్ష్యాలకు మన జిల్లాల్లో ఇంకోటి చేర్చాలి. ఈ ఏడాది ఎంతమంది పాదాలు చూశారు?

ఎక్కువ భారమేమీ కాదు. 2,500 జనాభా ఉన్న ఊరి క్లినిక్ పరిధిలో అదే సగటు ప్రకారం షుగర్ ఉన్నవాళ్లు 155 మంది. ఒక్కొక్కరి పాదాలకు పది నిమిషాలు. వేళ్ల మధ్య చూడటం, ఆరు తాకుళ్లు, మడమ పగుళ్లు, కాయలు, గోళ్లు, పాదం పైభాగంలో నాడి, బయట విడిచిన చెప్పు లోపల ఒకసారి చేత్తో తడిమి మేకు మొనో, రాయో ఉందేమో చూడటం. మొత్తం 1,550 నిమిషాలు, అంటే 26 గంటలు. ఒక నర్సుకు ఏడాదిలో నాలుగు పనిదినాలు.